బట్టలతీగ పక్క చెట్టు

పోయిన వారం మనం తోటలోంచి బయటపడేసరికి చిన్నకోడలు బావగారి కత్తెరకి అడ్డంగా చెయ్యి చాచి నిలబడి ఉంది. వారమంతా పాపం ఆమెని అలాగే నిలబెట్టేశాం. ఇక ఆ చెయ్యి దించే ఏర్పాటు చూడాలి.

వెనకటి సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఇంటి పెద్దాయన పోతూ పోతూ బత్తాయి తోటని ఇద్దరు కొడుకులకీ పంచలేకపోయాడు. బావి ఒక కొసన ఉంది, మంచి నేల ఇంకో కొసన ఉంది. గీత ఎటు గీసినా ఒకడికి నీళ్ళు మిగులుతాయి, ఒకడికి మట్టి మిగులుతుంది. అందుకని ఆయన తోటని మానేసి ఏళ్ళని పంచాడు. ఒక ఏడు పెద్దవాడి వంతు, మరుసటి ఏడు చిన్నవాడి వంతు. ఎవరి వంతులో వచ్చిన కాపు వాళ్ళది. "మొదటి వంతు అన్నయ్యదే" అని చిన్నవాడే నోరు తెరిచి అన్నాడు. ఆ ముందటి ఏడు వడగళ్ళు పడి పూతంతా రాలిపోయిందేమో, ఏడాదిపాటు ఊరికే ఉన్న చెట్లు పెద్దవాడి మొదటి వంతుకి కొమ్మలు వంగిపోయేటట్టు కాశాయి. చిన్నవాడి వంతు వచ్చేసరికి ఆకులే మిగిలాయి. ఆ తర్వాత ప్రతిసారీ అదే వరస. కాయలు ఏరి పెట్టెలకెత్తే షెడ్డులో వాళ్ళకి నోటిదూల ఎక్కువ, పెద్దాయనకి నిండుగంప అనీ, చిన్నాయనకి ఖాళీగంప అనీ పేర్లు పెట్టేశారు. ఇప్పుడు వాళ్ళ అసలు పేర్లు వాళ్ళకే గుర్తున్నాయో లేదో.

ఖాళీగంప ఆ పేరుని నవ్వుతూనే మోశాడు. మోసి మోసి నమ్మేశాడు. నా చెయ్యి మంచిది కాదు, నేను ముట్టుకున్నది పండదు అంటాడు. కిటికీలో పూలకుండీకి కాసిన్ని నీళ్ళు పొయ్యమంటే "నువ్వే పొయ్యి, నా చెయ్యి తగిలితే ఎండిపోతుంది" అని పక్కకి తప్పుకుంటాడు. ఇవాళ అన్న వంతు అయిపోయింది. పంపుగది తాళంచెవి తమ్ముడి చేతికి రావాలి. అది తీసుకోననీ, ఈ వంతుతో పాటు ఇకముందు వంతులన్నీ అన్నకే వదిలేస్తాననీ, దూరంగా ఏదో శీతల గిడ్డంగిలో డ్రైవరు పనికి పోతాననీ ఆయన భార్యతో చెప్పేశాడు. తోట పోతుందని కాదు ఆమె బాధ. తనంటే తనకే నమ్మకం లేని మనిషిగా ఆయన ఈ గేటు దాటిపోతాడని. అందుకే ఈ చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మాయ్, చెయ్యి తియ్యి. తెగుతుంది," అన్నాడు నిండుగంప.

కోపంగా కాదు, ఆయనకి నిజంగానే భయం వేసింది. ఆ కత్తెర సంగతి ఆయనకి తెలుసు. నిన్న సాయంత్రమంతా గుమ్మంలో కూర్చుని సానపట్టాడు. నూనెగుడ్డలో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. తన వంతు అయిపోయిన ప్రతిసారీ, కూలివాళ్ళని దగ్గరికి రానివ్వకుండా ఆయన స్వయంగా చెట్టు చెట్టూ కత్తిరించి, గాట్లకి మందు పూసి, తల దువ్వి బడికి పంపే పిల్లల్లాగా తోటని తమ్ముడికి అప్పగిస్తాడు. తండ్రి చెప్పలేదు, తమ్ముడు అడగలేదు. అది ఆయన తమ్ముడికి ఇచ్చుకునే కానుక. చేతులు బొబ్బలెక్కినా మానలేదు. ఒక ఏడు పెద్ద జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడి లేచాడు, అప్పుడు కూడా చెట్టూ చెట్టూ పట్టుకుని నడుస్తూ కత్తిరించాడు.

"ఈసారి కత్తిరించొద్దు బావగారూ," అంది చిన్నకోడలు.

"ఎందుకూ?"

"వద్దు. మా వంతుకి వీటిని ఇలాగే ఇచ్చెయ్యండి. చింపిరి జుట్టుతోనే."

నిండుగంప నవ్వాడు. "బాగుంది. రేపు షెడ్డులో వాళ్ళు చూసి, తమ్ముడికి తోట అప్పగించాడా, అడవి అప్పగించాడా అంటారు. తప్పుకో అమ్మా. వాడు ఆఖరి లోడు దింపి వచ్చేలోపు ఈ వరుసైనా అవ్వాలి."

ఆమె తప్పుకోలేదు. ఈ ఇంట్లో ఆమె గొంతు ఎవరూ పెద్దగా విన్నది లేదు. ఊరి చివర నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పని చేస్తుంది. పొద్దస్తమానం మొక్కలతో గడిపే మనిషికి అరవాల్సిన అవసరం ఏముంటుంది? ఇవాళ మాత్రం అరవకుండా పని జరిగేలా లేదు. కానీ బావగారి మొహం చూస్తే అరుపు రాలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తమ్ముడి కోసం పనిలోకి దిగిన మనిషి మీద ఎలా అరుస్తుంది? అందుకని ఇంకో దారి పట్టింది.

"పోనీ, ఏ కొమ్మ తీసేస్తారో ఏది ఉంచుతారో నాకు చూపించండి బావగారూ. ఎప్పుడూ అడగలేదు నేను."

ఆ మాటకి ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ పనితనం గురించి ఇంట్లో ఒక్కళ్ళైనా అడిగారు కదా అని. కత్తెర మూసి, దాని మొనతో చూపించడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఈ కొమ్మ చూడు. ఎలా వంగిపోయిందో! ఈ ఏడు బరువంతా ఇదే మోసింది. తొడిమల గుర్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దీని జోలికి చచ్చినా వెళ్ళను. మనకి పెట్టిన చేతిని మనమే నరుకుతామా? ఇక ఇదిగో, ఇది. నిటారుగా, ఏపుగా, ఆకులు చూడు ఎలా నిగనిగలాడుతున్నాయో. ఒక్క కాయంటే ఒక్క కాయ ఇవ్వలేదు. తిని కూర్చుంది. దీన్ని తీసేస్తే ఆ బలమంతా కష్టపడే కొమ్మకి వెళుతుంది. కొయ్యడం నాన్న నేర్పాడు గానీ, ఈ నియమం మాత్రం నాదే," అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు కొంచెం గర్వంగానే అన్నాడు.

ఇన్నాళ్ళూ తను లోలోపల అనుమానించింది ఆయన నోటినుంచే అంత సంతోషంగా బయటికి వస్తుందని చిన్నకోడలు అనుకోలేదు.

"కష్టపడింది కాబట్టే బావగారూ, అది వచ్చే ఏడు కాయదు," అంది. "అలిసిపోయింది. దానికి ఒక ఏడు విశ్రాంతి కావాలి. తిని కూర్చుందంటున్నారే, ఈ కొత్త కొమ్మే వచ్చే ఏడు పూసేది. అసలే నిండుకాపు ఏడు చెట్టుకి కాయల్ని సాకడంతోనే సరిపోతుంది, కొత్త కొమ్మలు ఏవో కొద్దిగా వేస్తుంది. మా వంతుకి మిగిలేవి అవే. మీరు ప్రతిసారీ ఏరి ఏరి..."

నిండుగంప మెడ దగ్గర నరం ఉబ్బింది.

"అంటే ఏంటి నువ్వనేది? నా తమ్ముడి నోటి దగ్గర కూడు నేను లాగేశాననా?"

"అలా అన్నానా?"

"మరేమన్నావు? ఎండలో మాడి, వాడి కోసం నడుం పోగొట్టుకుని, ఆఖరికి నేనే వాడి పొట్ట కొట్టానన్నమాట! ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే..."

"మీరు ప్రేమతోనే కోశారు బావగారూ. అది నాకు తెలియదా? అందుకే ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు," అంది చిన్నకోడలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు చెడ్డవాళ్ళైతే ఎప్పుడో పోట్లాడేసేదాన్ని."

ఇంటి వెనకనుంచి పెద్దకోడలి గొంతు వినిపించింది. ఆవిడ దుప్పట్లు ఆరేస్తోంది. "పొద్దున్నే ఏంటే గొడవ? ఆయన్ని కొయ్యనీ. మరిది వచ్చేలోపు అయిపోతుంది."

"గొడవేం లేదక్కా," అని ఇటునుంచి కేకేసి, చిన్నకోడలు మళ్ళీ బావగారి వైపు తిరిగింది.

ఆయన గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గలేదు. "ఎవరు చెప్పారు నీకిదంతా? ఆ నర్సరీవాళ్ళా? కుండీల్లో జానెడు మొక్కలు పెంచేవాళ్ళకి కాపుచెట్ల గురించి ఏం తెలుసట?"

"నర్సరీలో ఎవరూ చెప్పలేదు. మన బట్టలతీగ పక్క చెట్టు చెప్పింది. రండి, చూపిస్తాను."

ఈ బట్టలతీగ పక్క చెట్టు గురించి చెప్పాలి. ఇంటి వెనక పంపుగది గోడకి ఆనుకుని ఉంటుంది. ఇంటి వాడకానికని తండ్రి దాన్ని వంతుల్లో కలపలేదు. పంపుగది చూరు కింద కందిరీగలు కాపురం పెట్టాయి. ఒకసారి నిండుగంప కత్తెర పట్టుకుని అటు వెళ్ళి, మొహం పూరీలా పొంగి తిరిగొచ్చాడు. సొంత భార్యే ఎవరండీ మీరు అని అడిగింది. ఆ రోజునుంచి ఆ చెట్టుకీ ఆయనకీ మాటల్లేవు. చిన్నకోడలు మాత్రం పూతకి ముందు, ఏటా, చలి విరిగే రోజుల్లో కూరగాయల కత్తి తీసుకుని, తడిబట్టలకి తగిలి మరకలు చేసే కొమ్మల్ని తీగ పొడుగునా కోసేస్తుంది. అంతకుమించి దానికి ఎవరూ ఏ సేవా చెయ్యరు. అయినా ఆ చెట్టు ఏటా కాస్తుంది. విరగకాయదు, మానెయ్యదు. నిండుగంప ఏడైనా, ఖాళీగంప ఏడైనా దాని లెక్క దానిదే.

వాళ్ళిద్దరూ ఇంటి పక్కగా రావడం చూసి పెద్దకోడలు చేతిలో తడిదుప్పటితో అలాగే ఆగిపోయింది.

"ఇటెందుకు వస్తున్నారు? ఉతికిన బట్టలు, మట్టికాళ్ళతో వచ్చి తగలెట్టకండి. ఏమండీ, మిమ్మల్నే. కందిరీగలున్నాయి, గుర్తులేదా?"

"ఒక్క నిమిషం అక్కా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఈ ఇంట్లో అరుదుగా జరుగుతుంది. చిన్నకోడలు అప్పుడు పట్టించుకోలేదు.

చెట్టు నిండా అక్కడక్కడా ఎర్రపీలికలు వేలాడుతున్నాయి. పాత దుప్పటి అంచు చింపి చిన్నకోడలు పోయిన ఏడు కట్టినవి. అప్పట్లో పెద్దకోడలు చూసి "చెట్టుకి రిబ్బన్లు కట్టావేంటే, బడికి పంపుతావా?" అని వారం రోజులు ఆటపట్టించింది.

"పోయిన ఏడు కాయలున్న కొమ్మలకే ఈ పీలికలు కట్టాను బావగారూ. పీలిక లేని కొమ్మలకి అప్పుడు ఒట్టి ఆకులే. మీ మాటలో చెప్పాలంటే తిని కూర్చున్నవి. ఇప్పుడు చూడండి, కాయలు ఎక్కడున్నాయో."

నిండుగంప చూశాడు. పీలిక ఉన్న కొమ్మలన్నీ ఆకులతో ఊరికే ఊగుతున్నాయి. పీలిక లేనిచోట్ల బత్తాయిలు పసుపు తిరిగి ఉన్నాయి. ఆయన ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టుకున్నాడు. అటు తిరిగి వెనకవైపు చూశాడు. కందిరీగల సంగతే మర్చిపోయాడు.

"ఉతికిన నీళ్ళు పడుతున్నాయి కదా ఇక్కడ," అన్నాడు. "అందుకని కాసి ఉంటుంది."

"నీళ్ళు చెట్టు మొత్తానికి పడతాయి కదా బావగారూ. పీలిక చూసి పడవు కదా."

"గోడ పక్కన ఉంది. గాలి తగలదు."

"ఆ గోడ మీ వంతులోనూ ఉంది, మా వంతులోనూ ఉంది."

"కందిరీగలేమైనా..." అని మొదలుపెట్టి, తన మాట తనకే వినిపించి ఆగిపోయాడు.

ఒక పీలిక పక్కనే ఏపుగా లేచిన కొత్త కొమ్మ ఒకటి ఉంది. దాని మీద ఒక్క కాయ లేదు. అలవాటైన చెయ్యి కదా, కత్తెర నోరు తెరిచి దాని మొదట్లో పెట్టేశాడు. నొక్కితే అయిపోతుంది. ఇన్నేళ్ళలో అలాంటి కొమ్మ దగ్గర ఆయన ఒక్క క్షణం కూడా ఆగింది లేదు. ఇప్పుడు పిడికిలి బిగుసుకోలేదు. కొమ్మ చివర లేత ఆకులు ఆయన మణికట్టుకి తగులుతున్నాయి. కాసేపటికి కత్తెర తీసేశాడు.

పక్కన ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి ఉంటే దాని మీద కూలబడ్డాడు.

"వాడు ప్రతిసారీ వచ్చి నిలబడి చూసేవాడే," అన్నాడు. "నేను కోసేవాణ్ణి, వాడు పడిన కొమ్మలు ఎత్తి బండిలో వేసేవాడు. టీ తెచ్చిచ్చేవాడు. నీకోసమేరా ఇదంతా అంటే, తెలుసన్నయ్యా అనేవాడు." ఆయన అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "వాడి ఏడాదిని వాడిచేతే మోయించి అవతల పారేయించానమ్మాయ్. కానుక ఇస్తున్నాననుకున్నానే నేను!"

చిన్నకోడలికి ఏడుపు ఆగలేదు. గెలవడానికే వచ్చింది. గెలిచాక చూస్తే ఎదురుగా ఓడిపోయినది ఇంత మంచి మనిషి. రుమాలు అందుబాటులో లేక, ఆరేసిన దుప్పటి అంచుతోనే కళ్ళు తుడుచుకుంది.

"మీకు తెలియక చేశారు బావగారూ. దానికి అంత బాధపడొద్దు."

"తెలియకపోతే మాత్రం? నమిలింది నేను, మాడింది వాడి కడుపు." ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. నువ్వెలా చెబితే అలా."

ఇక్కడే ఉంది అసలు కష్టం. చిన్నకోడలు ఈ మాట ఎలా చెప్పాలా అని ఎన్నో రోజులు మనసులో కూడబలుక్కుంది.

"ఇప్పుడు ఎండినవి తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. అయినా మా వంతుకి గంపలేం నిండవు, ఏదో కొంత వస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు చెట్టు ఒక్కసారే మానదు కదా. అసలు కత్తిరింపు మా వంతు అయిపోయాక, మీ వంతు పూతకి ముందు పడాలి. అప్పుడు చెట్టు నిండా పూతకి సిద్ధంగా ఉన్న కొమ్మలుంటాయి. వాటిలో కొన్ని తీసేస్తే మీ ఏడు కాపు కాస్త తగ్గుతుంది. చెట్టు అంత అలిసిపోదు, ఆ ఏడే కొత్త కొమ్మలు వేస్తుంది, మా ఏడుకి అవి కాస్తాయి. ఏటా అలాగే కొంచెం కొంచెం చేస్తూ పోతే... ఏటా ఒకేలా." ఆమె ఆగి, నేల చూస్తూ అంది. "మీకు తగ్గుతుంది బావగారూ. అది దాచి చెప్పలేను."

"నా వంతులో, పూసే కొమ్మల్ని కోసేస్తావు."

"మీరు ఒప్పుకుంటేనే."

నిండుగంప పెట్టె మీద అలాగే కూర్చుని చాలాసేపు తోటకేసి చూశాడు. విరగకాసిన చెట్ల మధ్య గంపలు నింపుకుంటూ నడవడం ఆయనకి చిన్న సంతోషమేమీ కాదు. ఆ నడకని బట్టే ఊళ్ళో ఆయనకి ఆ పేరు, ఆ పలుకుబడి. అదంతా ఒక్కసారి ఆయన కళ్ళ ముందు తిరిగే ఉంటుంది.

"అయితే ఇక షెడ్డులో వాళ్ళు నాకు కొత్త పేరు వెతుక్కోవాలి," అన్నాడు చివరికి. "అరగంప అంటారేమో."

చిన్నకోడలు ఏడుపులోనే నవ్వేసింది.

"అననీ. అరగంప, అరగంప, ఇద్దరన్నదమ్ములకీ ఒకే పేరు. తప్పేముంది?" అని ఆయన లేచి, నూనెగుడ్డలో కత్తెర చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు. నా చేతికి చెట్టు కనిపిస్తే ఊరుకోదు."

కత్తెర బరువుగా ఉంది. చిన్నకోడలు దాన్ని గుండెలకి హత్తుకుంది. ఇక భర్త రాగానే చెప్పెయ్యాలి. మీ చేతిలో ఏ దోషమూ లేదండీ, ఉన్నదంతా ఈ ఇనపముక్కలోనే అని. తాళంచెవి తీసుకుంటారు. డ్రైవరు పనీ వద్దు, దూరం పోవడమూ వద్దు. సాయంత్రం పూలకుండీకి ఆయనచేతే నీళ్ళు పోయిస్తుంది. అంతవరకూ ఆలోచించుకుని ఆమె మనసు తేలికపడింది.

"ఈ పైవి కూడా కూరగాయల కత్తితోనే కోశావా?" అన్నాడు నిండుగంప.

ఆయన తల ఎత్తి చెట్టు లోపలికి చూస్తున్నాడు. దట్టమైన ఆకుల్ని చేత్తో పక్కకి జరిపాడు. పైన, చిన్నకోడలు కాలివేళ్ళ మీద నిలబడినా అందని ఎత్తులో, కొమ్మలు కోసిన గుర్తులున్నాయి. కొన్ని పాతవి, బెరడు చుట్టూ పొంగి మూసేసింది. కొన్ని ఈ ఏడువే. వాటి మీద, గాట్లకి పూసే నీలం మందు ఇంకా చెరగలేదు.

"నేను కాదు," అంది చిన్నకోడలు. "తీగ పక్కన కిందవి మాత్రమే నావి. అవిగో, కొరికినట్టున్నాయే, అవి."

"అవి నీవని తెలుస్తూనే ఉంది. ఇవి రంపంతో కోసినవి. ఒక్క మోడు కూడా వదల్లేదు. నీళ్ళు నిలవకుండా ఈ ఏటవాలు చూడు. ఇది నాన్న చెయ్యి." నిండుగంప గొంతు మారింది. "నాన్న ఈ కోత ఇద్దరికే నేర్పాడు. ఒకణ్ణి నేను. నేను ఈ చెట్టు దగ్గరికి రాను."

చిన్నకోడలు కాలివేళ్ళ మీద లేచి ఆ గాట్లని చూసింది. తన కూరగాయల కత్తి వల్లే ఈ చెట్టు ఏటా కాస్తోందని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. అసలు పని పైన ఇంకెవరో చేస్తున్నారు. పూతకి ముందు, ఏటా, సరిగ్గా ఎక్కడ కొయ్యాలో తెలిసిన చెయ్యి ఒకటి.

గేటు దగ్గర వ్యాను ఆగిన చప్పుడైంది.

ఖాళీగంప కండువాతో మెడ తుడుచుకుంటూ ఇంటి వెనక్కి వచ్చాడు. అందరూ అక్కడే ఉండటం, భార్య చేతిలో అన్న కత్తెర ఉండటం చూసి ఆగిపోయాడు. నిండుగంప రెండంగల్లో వెళ్ళి తమ్ముడి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఒరేయ్, నీ చెయ్యి మంచిదేరా. పాపమంతా నా కత్తెరదిరా. నీ ఏడు పూసే కొమ్మల్ని నేనే కోసేశాను, ప్రతిసారీ కోసేశాను. నాకు తెలియదురా. ఒట్టు, నాకు తెలియదు."

చిన్నకోడలు భర్త మొహాన్నే చూస్తోంది. ఈ క్షణం కోసమే ఆమె కత్తెరకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆశ్చర్యం కోసం చూసింది. కోపమో, ఏడుపో, కనీసం అదేంటన్నయ్యా అన్న మాటో వస్తుందని చూసింది. ఏదీ రాలేదు. పట్టుబడ్డవాడిలాగా ఆయన కళ్ళు నేల మీదికి దిగిపోయాయి.

"మీకు తెలుసు," అంది ఆమె.

ఆమె కత్తెరతో పైకి చూపించింది.

"ఆ పైన కోసింది మీరే. మీకు ముందే తెలుసు."

"ఒక్క చెట్టునైనా నా చేత్తో చూసుకుందామని," అన్నాడు ఖాళీగంప మెల్లగా. "ఇది వంతుల్లో లేదు కదా అని."

అన్న పట్టు వదిలింది. "ఎప్పట్నుంచిరా?"

"నీకు జ్వరం వచ్చి లేచాక కత్తిరించావే, ఆ ఏడునుంచి. నువ్వు పడేసిన కొమ్మల్ని బండికెత్తుతుంటే అర్థమైంది."

"మరి చెప్పొద్దూ! ఇన్నేళ్ళు నోరు మూసుకుని..."

"మరి పూలకుండీ?" అంది చిన్నకోడలు.

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అయినా అన్నదమ్ములిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నా చెయ్యి తగిలితే ఎండిపోతుందన్నారే. ఎన్నిసార్లన్నారు! అలా అన్న ప్రతిసారీ నేను అవతలికి వెళ్ళి ఏడ్చేదాన్ని. అదంతా కావాలనే చేశారా? నా దగ్గర కూడానా?"

ఖాళీగంప కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు. "చేతికి వంక పెడితే ఇక ఎవరూ ఏమీ అడగరు కదా అని," అని మాత్రం అనగలిగాడు. "నేను మాటిచ్చాను. నీకు కూడా చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

ఆయన భార్య మొహం చూడలేక తల తిప్పుకున్నాడు. ఆ చూపు వెళ్ళి ఆరేసిన దుప్పట్ల దగ్గర ఆగింది. వాటి వెనక పెద్దకోడలి పాదాలు కనిపిస్తున్నాయి. ఇంతసేపటినుంచీ ఆ పాదాలు కదల్లేదని చిన్నకోడలికి అప్పుడు తట్టింది.

దుప్పటి పక్కకి జరిగింది. నోరు తెరిస్తే ఊరుకోని మనిషి, మొహంలో నెత్తుటిచుక్క లేకుండా నిలబడి ఉంది.

"ఇక చాలు మరిదీ. నువ్వు మోసింది చాలు," అంది పెద్దకోడలు. "ఆయన మనసు గాయపడే మాట ఏదీ చెవిన వెయ్యొద్దని డాక్టరంటే, మాట తీసుకున్నది నేనే. నేనే చెబుతాను."

ఆవిడ తడిచేతులు తుడుచుకోకుండానే వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"ఆ ఏడు మీకొచ్చింది జ్వరం కాదండీ."